ఉప్పునీటి చేపల ట్యాంకుకి ఫిల్టర్ అమర్చడం: సిక్కోలు నీళ్ళకి, కరెంటుకి తగ్గ పద్ధతి

ఉప్పునీటి ట్యాంకు పెడదామనుకునేవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. ‘ఏ ఫిల్టర్ కొనమంటారు?’ నేనూ అదే అడిగాను. శ్రీకాకుళంలో మా ఇంట్లో నాలుగేళ్ళు గోల్డ్ ఫిష్ పెంచిన ధైర్యంతో, పెద్ద ఫిల్టర్ ఒకటి కొంటే సరిపోతుందనుకున్నాను. బిగించాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అయిదో రోజు రెండు క్లౌన్ చేపలు తెచ్చి వదిలాను. మూడు రోజులు బాగానే తిరిగాయి. నాలుగో రోజు పొద్దున్న చూస్తే రెండూ నీటి పైకి వచ్చి మూతులు ఆనించి ఉన్నాయి. మొప్పలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. కంగారులో ఫిల్టర్ విప్పి, స్పాంజి, లోపలి సెరామిక్ రింగులు అన్నీ కుళాయి కింద పెట్టి తళతళలాడేలా కడిగాను. సాయంత్రానికి రెండు చేపలూ చనిపోయాయి.

ఆ ట్యాంకులో ఫిల్టర్ ఇంకా తయారే కాలేదు. అప్పుడప్పుడే పుడుతున్న కాస్తని కూడా నేనే కుళాయి నీటి క్లోరిన్‌తో కడిగేశాను. ఉప్పునీటి ట్యాంకులో అసలు ఫిల్టర్ రాళ్ళ రంధ్రాల్లో పట్టి పెరిగే బాక్టీరియా. మోటార్లు, స్పాంజీలు, నురగ తీసే స్కిమ్మర్ అన్నీ దానికి సాయం చేసేవే. ఈ మాట మనసులో పెట్టుకుంటే, కింద చెప్పే ప్రతి పనీ ఎందుకు చేయాలో దానంతటదే తెలుస్తుంది.

చేప మొప్పల నుంచి, రెట్ట నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ కొంత ఉన్నా చేప తట్టుకుంటుంది, అమ్మోనియాని తట్టుకోలేదు. మంచినీటి ట్యాంకులో చెల్లిన నిర్లక్ష్యం ఇక్కడ చెల్లకపోవడానికి కారణం పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె. పీహెచ్ 7 దగ్గర అమ్మోనియాలో చాలా భాగం పెద్దగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర విషపు రూపం పది రెట్లకు మించి పెరుగుతుంది. పైగా ఉప్పునీటిలో ప్రాణవాయువు మంచినీటి కంటే సుమారు అయిదో వంతు తక్కువగా కరుగుతుంది. అందుకే గోల్డ్ ఫిష్ బతికిన చోట క్లౌన్ చేప బతకలేదు.

ఈ వ్యాసంలో లెక్కలన్నీ మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకుకి. కొలత ప్రకారం 190 లీటర్లు వస్తుంది. రాళ్ళు, ఇసుక, పైన వదిలే ఖాళీ పోను నిజంగా పట్టే నీళ్ళు 150 లీటర్ల దాకా. ఇంతకన్నా చిన్నది మొదటిసారికి వద్దని నా గట్టి సలహా. నీళ్ళు తక్కువైన కొద్దీ చిన్న తప్పు కూడా పెద్దదవుతుంది.

1. చోటు, ప్లగ్గులు

అన్నీ కలిపి పావు టన్నుకి పైనే బరువు ఉంటుంది. ఇనుప స్టాండ్ లెవెల్‌గా ఉండాలి, ఎండ పడకూడదు. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా వంపు పెట్టండి. అప్పుడు వైరు వెంట జారిన నీటి బొట్టు ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, ప్లగ్గులోకి వెళ్ళదు. ఉప్పునీరు కరెంటుని బాగా ప్రవహింపజేస్తుంది కాబట్టి ఆ లైనుకి ఎర్తింగ్, లీకేజీ అయితే దానంతటదే పడిపోయే బ్రేకర్ ఉండి తీరాలి. చేయి నీళ్ళలో పెట్టే ముందు స్విచ్చులన్నీ ఆపండి.

2. నీళ్ళు, ఉప్పు

బోరు నీళ్ళు వద్దు. అందులో కరిగి ఉన్న ఫాస్ఫేట్, సిలికేట్ లాంటివి ఏ ఫిల్టర్ పెట్టినా నాచుని పెంచి ఏడిపిస్తాయి. ఆర్‌ఓ నీళ్ళు వాడండి. ఇంట్లో ఆర్‌ఓ మెషిన్ ఉంటే ముందు టీడీఎస్ మీటర్ (నీటిలో కరిగి ఉన్న లవణాలెన్నో చూపేది) పెట్టి చూడండి. చాలా మెషిన్లలో రుచి కోసం కొంత మామూలు నీరు తిరిగి కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది. దాన్ని మూసేస్తే అంకె బాగా పడిపోతుంది. ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెసిన్ ఫిల్టర్ కూడా తగిలిస్తే సున్నా దాకా వస్తుంది. బయట కొనే టిన్ను నీళ్ళైనా సరే, మీటర్ పెట్టి చూడకుండా పోయకండి.

ఉప్పు విషయానికొస్తే, ‘నౌపడ ఉప్పు మన జిల్లాలోదే కదా, సముద్రం నుంచే వచ్చింది కదా’ అని నన్ను చాలామంది అడిగారు. సముద్రం నుంచే వచ్చింది. కానీ ఉప్పు మడుల్లో నీరు ఎండే కొద్దీ కాల్షియం లవణాలు ముందే విడిపోయి అడుగున మిగిలిపోతాయి. ఆ తర్వాత మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం ఆఖరికి మిగిలే చేదు నీటిలో ఉండిపోతుంది, దాన్ని వదిలేస్తారు. అంటే చేతికొచ్చేది దాదాపు అంతా సోడియం క్లోరైడే. పీహెచ్‌ని నిలబెట్టే కార్బొనేట్లు కూడా అందులో ఉండవు. కూరకి అది మంచిది, ట్యాంకుకి పనికిరాదు. అక్వేరియం వాళ్ళు అమ్మే సింథటిక్ సీ సాల్ట్ కొనండి. లీటరుకి 35 నుంచి 38 గ్రాముల లెక్కన 150 లీటర్లకి ఆరు కిలోల లోపే పడుతుంది.

కళింగపట్నం వెళ్ళి డబ్బాలతో సముద్రపు నీళ్ళే తెచ్చుకుంటే? అక్కడ వంశధార కలుస్తుంది. వానాకాలంలో నది పొంగితే తీరంలో ఉప్పదనం పడిపోతుంది, బురద వస్తుంది. పైగా ఆ నీటిలోని సూక్ష్మజీవులు డబ్బాలో చచ్చి కుళ్ళుతాయి. మన తీరంలో రొయ్య పిల్లల్ని పెంచే హేచరీలు సముద్రపు నీటినే వాడతాయి. అయితే వాళ్ళు దాన్ని ఇసుక ఫిల్టర్లలో వడకట్టి, క్లోరిన్‌తో శుద్ధి చేసి, ఆ క్లోరిన్ పోయాకే పిల్లల్ని వదులుతారు. ఆ ఏర్పాటు ఇంట్లో కష్టం. మొదటి ట్యాంకుకి వద్దు.

ఉప్పదనం కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ కావాలి. రొయ్యల చెరువుల రైతులు సెలినిటీ చూసుకునేది దానితోనే, కాబట్టి ఆక్వా సామాన్లు అమ్మే షాపుల్లో అడగండి. ముందు ఆర్‌ఓ నీటి చుక్క వేసి సున్నాకి సరిచేసుకుని, తర్వాత ట్యాంకు నీరు చూడండి. వెయ్యికి 34, 35 వంతుల దగ్గర ఉండాలి. సాంద్రత గీతల మీద అయితే 1.025 నుంచి 1.026. మొదటిసారి ట్యాంకులో ప్రాణులుండవు కాబట్టి ఉప్పు అందులోనే కలిపి, మోటారు వేసి ఒక రోజు తిరగనివ్వండి. ఆ తర్వాత ఎప్పుడూ ప్లాస్టిక్ డబ్బాలో విడిగా కలపాలి. రాగి, ఇత్తడి, జింకు పూత బకెట్లు ట్యాంకు నీటిని ముట్టకూడదు.

3. రాళ్ళు: అసలు ఫిల్టర్ ఇదే

డబ్బు ఎక్కడైనా పొదుపు చేయండి గానీ ఇక్కడ చేయకండి. కావలసింది సున్నపు జాతి పోరస్ రాయి, డ్రై రాక్ పేరుతో అమ్ముతారు. చేతిలోకి తీసుకుంటే సైజుకి తగ్గ బరువు ఉండదు. విరిచి చూస్తే లోపలంతా స్పాంజిలా రంధ్రాలే. మన ట్యాంకుకి 15 నుంచి 20 కిలోలు చాలు. పైపొరల్లో గాలి కావలసిన బాక్టీరియా పెరుగుతుంది. రాయి లోతుల్లో ప్రాణవాయువు అందని చోట వేరే రకం పెరిగి, నైట్రేట్‌ని కొంత నైట్రోజన్ వాయువుగా మార్చి బయటికి పంపేస్తుంది. మామూలు పెట్టె ఫిల్టర్లు చేయలేని పని ఇది. టెక్కలి గ్రానైట్ ఎంత అందమైన రాయైనా దానికి ఈ రంధ్రాలు లేవు. కొండరాళ్ళలో ఇనుము ఉంటుంది. అవి వద్దు.

సముద్రంలోంచి విరిచి తెచ్చిన పగడపు రాళ్ళు ఎవరైనా రహస్యంగా అమ్మజూపితే కొనకండి. పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. చట్టం ఒక్కటే కారణం కాదు. మనం ఇష్టపడి పెంచుకోవాలనుకునే చేపలకి అవి ఇళ్ళు. ఒక ఇల్లు కూలగొట్టి మన హాల్లో ఇంకో ఇల్లు కట్టడం నాకు మనసొప్పదు.

రాళ్ళని ఆర్‌ఓ నీటిలో కడిగి, ముందుగా అడుగు అద్దం మీదే పేర్చండి, ఇసుక ఆ తర్వాత పోయండి. ఇసుక మీద రాళ్ళు పెడితే, చేపలు కింద తవ్వినప్పుడు కూలి అద్దం పగలొచ్చు. వెనక అద్దానికి నాలుగు వేళ్ళ ఎడం వదిలి, మధ్యలో నీరు దూరి పోయేలా గుల్లగా కట్టండి. గోడలా కడితే వెనక పక్క చెత్త పేరుకుంటుంది.

ఇసుక అరగొనైట్ అనే సున్నపు ఖనిజానిది కొనండి, రెండు మూడు సెంటీమీటర్ల మందం చాలు. అసలు వేయకపోయినా పరవాలేదు. బీచ్ ఇసుక మాత్రం తేకండి. కావాలంటే ఈసారి కళింగపట్నం వెళ్ళినప్పుడు నల్లచారలు కట్టిన ఇసుక మీద ఒక అయస్కాంతం పెట్టి పైకి లేపండి. నల్లటి రేణువులు మీసాల్లా దానికి వేలాడతాయి. మన తీరమంతా ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలున్న ఇసుక. పంపులో తిరిగే రోటర్ కూడా అయస్కాంతమే. ఆ రేణువులు దానికి పట్టి, అరగదీసి, చివరికి పంపు ఆపేస్తాయి. అద్దం తుడిచే మాగ్నెట్‌లో ఇరుక్కుంటే అద్దం మీద గీతలు పడతాయి.

4. యంత్రాలు

మూడు రకాలు చాలు.

మొదటిది నీటిని కదిలించే వేవ్‌మేకర్. రాళ్ళలో బాక్టీరియా ఉన్నా, నీరు వాటి దగ్గరికి వెళ్ళకపోతే లాభం లేదు. గంటకి ట్యాంకు నీటికి పది పదిహేను రెట్లు, అంటే 1500 నుంచి 2250 లీటర్లు కదలాలి. ఒకే పెద్దదాని బదులు రెండు చిన్నవి చెరో పక్క పెట్టండి. ఒకటి ఆగినా రెండోది ఉంటుంది. ఒకదాని మూతి కొంచెం పైకి తిప్పి నీటి పైభాగం ఎప్పుడూ అలలాడేలా చూడండి, గాలి కరిగేది అక్కడే.

రెండోది వెనక అంచుకి తగిలించే హ్యాంగాన్ ఫిల్టర్, గంటకి 700, 800 లీటర్లది. లోపల నీరు వెళ్ళే వరుస ముఖ్యం. ముందు తెల్లని దూది లాంటి ఫ్లాస్, తర్వాత స్పాంజి, తర్వాత చిన్న వల సంచిలో గుప్పెడు యాక్టివేటెడ్ కార్బన్ (రంగు, వాసన పీల్చే బొగ్గు), చివర సెరామిక్ రింగులు. కార్బన్ నెలకోసారి మార్చాలి. ఫ్లాస్ మూడు నాలుగు రోజులకోసారి పారేయాలి. అందులో చిక్కిన చెత్త ఇంకా ట్యాంకు నీటిలోనే ఉన్నట్టు లెక్క, అక్కడే కుళ్ళి అమ్మోనియా అవుతుంది.

మూడోది ప్రొటీన్ స్కిమ్మర్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్ళకి మంచినీటి ట్యాంకులో ఇది అలవాటు ఉండదు. గాలి గట్టిగా వీచిన మర్నాడు సముద్రం ఒడ్డున పసుపుపచ్చటి నురగ దొంతరలుగా పేరుకుని ఉండటం మనందరం చూసిందే. నీటిలో కరిగిన సేంద్రియ పదార్థం గాలి బుడగలకి అంటుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చినదే ఆ నురగ. స్కిమ్మర్ గొట్టంలో జరిగేదీ అదే. సన్నటి బుడగలు లక్షలుగా లేస్తాయి. మేత రసం, చేప జిగురు వాటికి పట్టుకుని పైన ఉన్న కప్పులోకి పొర్లుతాయి. కుళ్ళి అమ్మోనియా కాకముందే మురికి బయటికి పోతుంది. పైగా ఆ బుడగల వల్ల నీటికి గాలి కూడా బాగా అందుతుంది. ఉప్పునీటిలో బుడగలు సన్నగా, ఎక్కువసేపు నిలుస్తాయి కాబట్టే ఇది ఇక్కడ పనిచేస్తుంది.

250, 300 లీటర్లకి సరిపోతుందని రాసిన హ్యాంగాన్ స్కిమ్మర్ తీసుకోండి. కొత్తది మొదటి వారం పది రోజులు పిచ్చిగా పొంగుతుంది లేదా అసలు నురగే రాదు. ప్లాస్టిక్ మీద నూనె జిడ్డు పోయి జిగురు పొర పట్టేదాకా అంతే. టెన్షన్ పడి రోజూ తిప్పకండి. కుదురుకున్నాక కప్పులో డికాక్షన్ రంగు నీరు చేరుతుంది. నీళ్ళలా తేటగా వస్తుంటే లోపలి నీటిమట్టం తగ్గించండి. ముద్దలా నల్లగా కొద్దిగానే వస్తుంటే కాస్త పెంచండి. నురగ ఎక్కే గొట్టం లోపలి అంచుకి జిడ్డు పడితే నురగ ఎక్కదు, రెండు రోజులకోసారి గుడ్డతో తుడవండి.

కింద క్యాబినెట్‌లో సంప్, అంటే పై ట్యాంకు నీరు దిగి పంపుతో మళ్ళీ పైకి వెళ్ళే రెండో నీటి పెట్టె, పెట్టుకోమని చాలామంది చెబుతారు. సంప్ మంచిదే. కానీ ట్యాంకుకి ముందే రంధ్రం వేయించి ఓవర్‌ఫ్లో కట్టించి ఉంటేనే. అంచు మీదుగా సైఫన్‌తో నీరు దించే రకం మాత్రం మన కరెంటు కోతలకి పనికిరాదు. కరెంటు పోయి వచ్చాక సైఫన్ మళ్ళీ అందుకోకపోతే, పంపు కింద నీళ్ళన్నీ పైకి తోడి నేల మీద పోస్తుంది. రంధ్రం ఉన్న ట్యాంకులో కూడా సంప్ నుంచి పైకి వచ్చే పైపుకి నీటిమట్టం దగ్గర చిన్న చిల్లు పెట్టాలి. లేకపోతే కరెంటు పోగానే ఆ పైపు వెంటే నీరు వెనక్కి లాక్కుపోతుంది. నీళ్ళు నింపిన మొదటి రోజే స్విచ్ ఆపి, సంప్ పొంగకుండా పట్టుకుంటుందో లేదో చూడండి.

5. నెలా పదిహేను రోజుల ఎదురుచూపు

అన్నీ తిరుగుతున్నాయి, నీళ్ళు తేటగా ఉన్నాయి. ఇప్పుడు చేపలు వేయకూడదు. బాక్టీరియాకి తిండి పెట్టి పెంచాలి. చేపల బజార్లో తల తీయని చిన్న పచ్చి రొయ్య ఒకటి తెచ్చి, పల్చటి నైలాన్ గుడ్డలో కట్టి నీటిలో వేలాడదీయండి. లైట్లు ఆపేయండి, నాచు తగ్గుతుంది. నీటి వేడి 26 నుంచి 28 డిగ్రీలుంటే బాక్టీరియా చురుగ్గా పెరుగుతుంది, మన ఊళ్ళలో అది మామూలు వేడే.

ఉప్పునీటికి పనికొచ్చే చుక్కల టెస్ట్ కిట్లు మూడు కావాలి: అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్. రెండు రోజులకోసారి చూసి ఒక పుస్తకంలో తేదీ వేసి రాయండి. నా రెండో ట్యాంకుకి నాలుగో రోజున రొయ్య వాసన మొదలైంది, పసుపు రంగులో ఉండే అమ్మోనియా టెస్ట్ ఆకుపచ్చకి తిరిగింది. రంగు 2 పీపీఎం (పది లక్షల వంతుల్లో రెండు) దగ్గరికి రాగానే రొయ్యని తీసేశాను. రెండో వారం నైట్రైట్ లేచింది. అది పద్దెనిమిది రోజులు కిందికి దిగలేదు. చాలామంది ఓపిక పోగొట్టుకునేది అక్కడే. మూడో వారంలో రాళ్ళ మీద, ఇసుక మీద గోధుమరంగు బూజు పరుచుకుంటుంది. అది డయాటమ్ అనే నాచు, కొత్త ట్యాంకుకి సహజం. దానంతటదే తగ్గుతుంది, మందులేమీ వేయకండి.

ఆ రోజుల్లో మా మేనత్త టెక్కలి నుంచి వచ్చి, ట్యాంకు ముందు నిలబడి అడిగింది. “ఏట్రా, నెల్లాళ్ళ బట్టి రాళ్ళు నానబెడతన్నావు, సేపలేవి?”

“బాక్టీరియా తయారవ్వాలత్తా. ఇప్పుడేస్తే సచ్చిపోతాయి.”

“అయితే ఆగు. ఇడ్లీపిండి పులవకుండా ఇడ్లీ ఎయ్యలేం గదా” అంది. ఇంతకన్నా బాగా నేను ఎవరికీ చెప్పలేకపోయాను.

సిద్ధమైందో లేదో తేల్చే పరీక్ష ఇది. 2 పీపీఎం వచ్చేలా అమ్మోనియం క్లోరైడ్ కలపండి. 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రావాలి. రాకపోతే ఇంకో వారం ఆగాలి. వస్తే, మూడో వంతు నుంచి సగం దాకా నీరు మార్చి నైట్రేట్ తగ్గించండి. నాలుగు నుంచి ఆరు వారాలు మామూలుగా పడుతుంది. సీసాల్లో అమ్మే బాక్టీరియా వేస్తే కొంచెం తొందరగా కావచ్చు, కానీ దాన్ని నమ్మి ఈ పరీక్ష మానకండి.

6. మొదటి చేపలు, వారం వారం పని

ముందు ఒక క్లౌన్ జత, అంతే. సముద్రంలో పట్టినవి కాకుండా పెంపకంలో పుట్టినవి అడగండి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ కూడా వీటి పిల్లల్ని ఉత్పత్తి చేసే పద్ధతి సాధించింది. పెంపకంలో పుట్టిన పిల్లలు మేతకి అలవాటు పడి ఉంటాయి. చేపలు పెరిగితే బాక్టీరియా కూడా పెరగాలి కాబట్టి, ఇంకోటి తేవడానికి రెండు మూడు వారాలు ఆగండి. మొదటి వారం రోజూ అమ్మోనియా చూడండి. రెండు నిమిషాల్లో తినేంత మేతే వేయండి.

వారానికి 15 లీటర్లు తీసి, అంతే ఉప్పదనం, అంతే వేడి ఉన్న కొత్త నీరు పోయండి. స్పాంజిని ఆ తీసిన నీటిలోనే పిండండి, కుళాయి కింద కాదు. సెరామిక్ రింగుల జోలికి వెళ్ళకండి. మరీ బురద పడితే సగమే, అదీ తీసిన నీటిలో జాడించండి.

అద్దం మీద నీటిమట్టం దగ్గర ఒక టేపు ముక్క అతికించండి. నీరు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదు, అందుకే తగ్గినంతా ఆర్‌ఓ మంచినీటితోనే నింపాలి, ఉప్పునీటితో కాదు. ఎండాకాలం రోజుకి లీటరు, రెండు లీటర్లు తగ్గుతాయి. నీటి వేడి 29 దాటితే పైన చిన్న ఫ్యాన్ పెట్టండి. మన తీరంలో ఉక్క ఎక్కువ కాబట్టి ఫ్యాన్‌తో పెద్దగా చల్లబడదు, గదిలో గాలి ఆడేలా కూడా చూడాలి.

7. కరెంటు పోయినప్పుడు

2014లో హుద్‌హుద్ తుపాను అక్టోబర్ 12న, 2018లో తిత్లీ తుపాను అక్టోబర్ 11న వచ్చాయి. తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. చాలా ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. ఉత్తరాంధ్రలో ట్యాంకు పెట్టేవాళ్ళు దసరాకి ముందే ఈ ఏర్పాటు చేసుకోవాలి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దానికి ఒక్క వేవ్‌మేకర్ మాత్రమే తగిలించండి. అయిదు, పది వాట్లే కాబట్టి ఫ్యాన్లు, లైట్లు తగ్గించుకుంటే మామూలు బ్యాటరీ మీద ఒక రోజు లాగుతుంది. నీరు కదులుతున్నంతసేపు రాళ్ళలో బాక్టీరియా, చేపలు రెండూ బతుకుతాయి. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు, నాలుగు జతల సెల్స్ ఇంట్లో ఉంచండి. 40 లీటర్ల ఉప్పునీరు కలిపి మూత పెట్టి సిద్ధంగా ఉంచండి. తుపాను హెచ్చరిక రాగానే మేత ఆపేయండి. ఆరోగ్యంగా ఉన్న క్లౌన్ చేప మూడు నాలుగు రోజులు తినకపోయినా ఏమీ కాదు, తిని వేసే రెట్టే అప్పుడు ప్రమాదం.

కరెంటు వచ్చిన సంతోషంలో హ్యాంగాన్ ఫిల్టర్ స్విచ్ వెంటనే వేయకండి. గంటల తరబడి నిలిచిన నీటిలో గాలి అందక లోపలి బాక్టీరియా చచ్చి కుళ్ళి ఉంటుంది. మూత తీసి వాసన చూడండి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే లోపలి నీరు పారబోసి, ఫ్లాస్ పారేసి, స్పాంజి, రింగులు ట్యాంకులోంచి తీసిన నీటిలో జాడించి, అప్పుడు తగిలించండి. స్కిమ్మర్ కప్పు ఖాళీ చేసి వేయండి. ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున్న అమ్మోనియా చూడండి. రంగు పసుపులోనే ఉంటే మేత మొదలుపెట్టండి. ఆకుపచ్చకి తిరిగితే అంతే నీరు తీసి, దాచిన 40 లీటర్లు అప్పుడు పోయండి.